సంఘం వ్యాన్‌లో ఫ్రిజ్

రెండు రోజులుగా దండాసి కొట్లో ఆ ఫ్రిజ్ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. అదే అతనికి నచ్చలేదు.

రోగంతో వచ్చిన మిషను కొట్లో అడుగు పెట్టగానే బుద్ధిగా మారిపోవడం ముప్ఫై ఏళ్ళ పనిలో అతను చాలాసార్లు చూశాడు. అలాంటి బుద్ధిని నమ్మడు. ఆ మాటకొస్తే దండాసి నమ్మేవి ఈ లోకంలో బహు తక్కువ. కరెంటాఫీసు వాళ్ళు కాగితం మీద వేసే కోత వేళల్ని నమ్మడు. బజార్లో కొన్న కొత్త ఫ్యూజుని మీటరు పెట్టి చూస్తేగాని నమ్మడు. ‘నేనేం ముట్టుకోలేదు, దానంతటదే ఆగిపోయింది’ అని చెప్పే మనిషిని అసలే నమ్మడు. బర్మాలో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో రైలు పట్టాల పక్క సందులో అతని కొట్టుకి వచ్చేవాళ్ళు ఈ సంగతి తెలిసి, ముందే తప్పు ఒప్పేసుకుని మరీ సామాను బల్లమీద పెడతారు.

ఈ ఫ్రిజ్ ఇళ్ళల్లో ఉండే రకం కాదు. జపాను నుంచి దిగిన పాత క్యాంపు వ్యాన్‌లోది. దీనికి కంప్రెసర్ ఉండదు. వెనకాల చిన్న గ్యాసు మంట వెలుగుతూ ఉంటే ఆ వేడికి గొట్టాల్లో అమోనియా మరిగి, తిరిగి, లోపలి అరని చల్లబరుస్తుంది. మంట పెట్టి చల్లబరచడమేమిటని ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఆ మంటని వెలిగించేదీ, కనిపెట్టుకుని ఉండేదీ అరచేతిలో పట్టే ఒక కంట్రోల్ బోర్డు. దానికి వ్యాను బ్యాటరీ నుంచి పన్నెండు వోల్టులు అందుతూ ఉండాలి. మూడుసార్లు ప్రయత్నించినా మంట అంటుకోకపోతే బోర్డు గ్యాసు కట్టేసి, ముందువైపు ఎర్ర దీపం వెలిగించి కూర్చుంటుంది. ఎవరో ఒకరు వచ్చి మీట ఆపి మళ్ళీ వేసేదాకా ఇంక కదలదు.

ఆదివారం సాయంత్రం వ్యాన్‌లోంచి ఊడదీసి తెచ్చినప్పటి నుంచీ దండాసి దాన్ని వేధించని తీరు లేదు. బోర్డు మూత విప్పి టంకం వేసిన ప్రతి చుక్కనీ భూతద్దంలో చూశాడు. కనెక్టర్లు పీకి, బ్రష్షుతో తోమి మళ్ళీ గుచ్చాడు. ఎర్త్ తీగ బిగించిన చోట తుప్పు గీకాడు. హెయిర్ డ్రయ్యరుతో బోర్డుని వేడిచేశాడు. స్క్రూడ్రైవరు పిడితో రిలే నెత్తిన టకటకా కొట్టాడు. మంట నీలంగా, నిలకడగా వెలుగుతూనే ఉంది. లోపల థర్మామీటరు నాలుగు డిగ్రీల దగ్గర నిలబడింది.

మంగళవారం పదిగంటలకి బంగారురాజు వచ్చాడు. తెలుగువాళ్ళ సేవా సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. బర్మా మర్యాద ప్రకారం పెద్దవాళ్ళ పేరుకి ‘ఊ’, ఈడువాళ్ళ పేరుకి ‘కో’ తగిలిస్తారు కాబట్టి బర్మావాళ్ళూ తెలుగువాళ్ళూ కూడా ఆయన్ని ఊ రాజు అనే పిలుస్తారు. తెల్లచొక్కా, మడత నలగని లుంగీ. కూర్చునే ముందు స్టూలుని ఒకసారి చూసుకుని కూర్చున్నాడు.

“ఏటి కో దండాసి, తేలిందా?”

“మిషను బాగానే ఉన్నాది.”

“నాకు తెలుసు.” బంగారురాజు గొంతు తగ్గించాడు. “పద్నాలుగు సీసాలు. నెల్లాళ్ళలో. వేడెక్కిపోయినాయి, పారేసినానంటాది ఆ గుంట. ఎక్కడ పారేసినావంటే ఆసుపత్రి చెత్తడబ్బాలో అంటాది. చూసినోడు ఒక్కడు లేడు. తామ్వేలో వాళ్ళింటి వీధి మొగలోనే ఒక ప్రైవేటు క్లినిక్కు ఉన్నాది, తెలుసా నీకు?”

ఆ గుంట మల్లిక. సంఘం వ్యాన్‌లో సూదులు వేసే పిల్ల. వ్యాను ప్రతి ఆదివారం, బుధవారం ట్వంటే వైపు పల్లెలకి వెళ్తుంది. పొలాల్లో కుక్కకాటు ఎక్కువ. ఆ సూదిమందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా వేడెక్కితే నీళ్ళతో సమానం. మొదటి సూది పడ్డాక మూడో రోజు, ఏడో రోజు మళ్ళీ పడాలి కాబట్టే వ్యానుకి ఆదివారం, బుధవారం, మళ్ళీ ఆదివారం అని పెట్టారు. తామ్వే క్లినిక్కు మాట వినగానే దండాసి మనసులో ఏదో తలుపు మూసుకుంది. ఆ క్లినిక్కుకి అమ్ముకుందనుకోవడం పద్నాలుగు సీసాలకి చాలా సులువైన జవాబు.

“ఆదివారం సాయంత్రం కమిటీ ఉన్నాది,” అన్నాడు బంగారురాజు. “మిషను బాగున్నాదని నీ చేత్తో ఒక ముక్క రాసియ్యి. ఆ పిల్ల సంగతి తేల్చేస్తాం.”

తేల్చడమంటే ఏమిటో దండాసికి తెలుసు. మందులు అమ్ముకుందని పేరు పడితే ఈ ఊళ్ళో ఏ ఆసుపత్రీ, ఏ మందుల కొట్టూ ఆ పిల్లని గడప ఎక్కనివ్వవు.

అతను కాగితం తీస్తుండగానే ఫ్రిజ్ తీసుకెళ్ళడానికి వ్యాను వచ్చింది. డ్రైవరు చిట్టిబాబు కిందికి దూకి వెనక తలుపు తీశాడు. మల్లిక ఇరవై ఆరేళ్ళ పిల్ల, చామనఛాయ, జుట్టు గట్టిగా లాగి ముడేసుకుంది. లోపలికొచ్చి తిన్నగా ఫ్రిజ్ ముందు చతికిలబడి ఎర్ర దీపం వైపు చూసింది.

“బాబాయ్, ఇది ఎలగలేదా?”

“ఒక్కపాలి కూడా ఎలగలేదు.”

“అక్కడ ఎలుగుతాది.”

అంతే అంది. గొడవ పెట్టుకోలేదు, ఏడవలేదు. తప్పు చెయ్యని మనిషి ఇంకాస్త అరవాలి కదా అని దండాసి లెక్క. ఆ పిల్ల నిబ్బరం చూసి అతని అనుమానం ఇంకో మెట్టెక్కింది. ‘రెండు రోజులు పరీక్ష చేశాను. ఫ్రిజ్‌లో గాని, కంట్రోల్ బోర్డులో గాని ఏ లోపమూ లేదు’ అని రాసి సంతకం చేశాడు.

బంగారురాజు చదివి, జేబులో పెట్టుకుని మల్లిక వైపు తిరిగాడు. “ఇంక ఒక్క సీసా పారేయడానికి లేదు. రేపు నేనూ వస్తాను. ఉన్నవి ఉన్నట్టు ఏసెయ్యాలి.”

“వేడెక్కితే?”

“వేడెక్కదు. కాగితం చూసినావు కదా.”

మల్లిక దండాసి ముఖం వైపు ఒకసారి చూసింది. అతను బల్లమీద టంకం తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడు.

గురువారం మధ్యాహ్నం ఆమె ఒక్కర్తే నడుచుకుంటూ వచ్చింది. కరెంటు లేదు. దండాసి గుమ్మంలో వెలుతురు పడే చోట కూర్చుని ఒక ఫ్యాను మోటారు విప్పుతున్నాడు. ఆమె సంచిలోంచి ఫ్రిజ్ థర్మామీటరు తీసి అతని ముందు పెట్టింది. లోపల వేడి ఎంతదాకా ఎక్కిందో గుర్తుపెట్టుకునే రకం అది, మీట నొక్కేదాకా ఆ అంకె దిగదు. పదిహేడు చూపిస్తోంది.

“నిన్న పదకొండున్నరకి ఎర్ర దీపం,” అంది మల్లిక. “ఎప్పుడు ఎలిగిందో నాకు తెల్దు. నేను బయట టార్పాలిన్ కింద ఉన్నాను. ఆరుగురికి ఏసినాను బాబాయ్. నేను ఎయ్యనంటే రాజు గారు పక్కన నిలబడి ఏయించినారు.”

దండాసి థర్మామీటరు అందుకున్నాడు. గుప్పిట్లో గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాసేపయ్యాక చెయ్యి తెరిచి చూపించాడు. ముప్ఫై నాలుగు.

“నాకూ పదిహేడు చూపించడం వచ్చు పిల్లా.”

అన్న వెంటనే అతనికే ఆ మాట మోటుగా తోచింది. కాని వెనక్కి తీసుకోలేదు. మల్లిక ముఖం కందింది. థర్మామీటరు తీసుకుని, అతని చెమట అంటిన చోట గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకుంది.

“ఆదివారం మీరు రండి,” అంది. “ఫ్రిజ్ పక్కనే కూకోండి. తాళంచెవి మీకే ఇస్తాను. నా సేతులు సూస్తూ ఉండండి.”

ఆ మాట అతనికి నచ్చింది. ఆమె మీద జాలి పుట్టి కాదు, కళ్ళారా పట్టుకోవచ్చని. తన కాగితం మీద ఒక గుంట అనుమానం పడేసి వెళ్ళడం ఏమిటని రెండు రోజులు లోలోపల ఉడుకుతూనే ఉన్నాడు. శనివారం మీటరుకి కొత్త బ్యాటరీ వేసి, చిన్న టార్చి, కటింగ్ ప్లయరు సంచిలో సర్దుకున్నాడు.

ఆదివారం ఆరుగంటలకే బయల్దేరారు. ముందు చిట్టిబాబు, బంగారురాజు. వెనక ఫ్రిజ్‌కి ఆనుకుని దండాసి. ఎదుటి సీట్లో మల్లిక, మోకాళ్ళ మీద అట్టకి బిగించిన పేర్ల జాబితా. చెక్‌పోస్టు దగ్గర సిపాయి లోపలికి తల పెట్టి, మందుల పెట్టెలు చూసి, దండాసి చేతిలో మీటరుని ఇంకా ఎక్కువసేపు చూసి వదిలేశాడు. దారి పొడుగునా దండాసి ఆమె చేతుల మీద నుంచి చూపు తిప్పలేదు. ఆమె నీళ్ళు తాగితే సీసా మూత కూడా చూశాడు. అడుగున గాజు కన్నంలోంచి నీలం మంట కనిపిస్తోంది. థర్మామీటరు నాలుగు.

ట్వంటే దాటి, కాలవ గట్టు వెంట లోపలికి వెళ్ళి, మూతపడ్డ బియ్యం మిల్లు ముందు వ్యాను ఆపారు. అప్పటికే ఓ ఇరవైమంది నీడలో కూర్చుని ఉన్నారు. మల్లిక తాళంచెవి దండాసి అరచేతిలో పెట్టింది. “మీరే తియ్యండి, మీరే ముయ్యండి,” అని దిగి టార్పాలిన్ కట్టడానికి వెళ్ళిపోయింది. తాళంచెవి ఇచ్చెయ్యడం కూడా ఒక ఎత్తేమో అనుకున్నాడు దండాసి. దొంగతనం తెలిసినవాళ్ళకి తాళంతో పనేముంది?

చిట్టిబాబు ఇంజను ఆపేశాడు. ఎండకి రేకు కాగుతోంది. బంగారురాజు ముందు సీట్లోంచి మైకు అందుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. వ్యాను నెత్తిన రెండు హారన్లు ఒక్కసారి గుర్రుమన్నాయి.

ఇది ఈ దేశంలో దిగినవాళ్ళందరికీ పట్టుకున్న అలవాటే. దానమిచ్చినవాళ్ళ పేర్లు పదిమందికీ వినపడేట్టు చదవాలి. విన్నవాళ్ళు మన ‘సాధు’ లాగే ‘తాదు, తాదు, తాదు’ అంటే ఆ పుణ్యంలో వాళ్ళకీ పాలు వస్తుంది. సంఘం వాళ్ళు బర్మావాళ్ళని మించిపోయారు. ఎవరిదో తద్దినం పేరున దూది కట్టలు, ఎవరి మనవరాలి పుట్టినరోజుకో సిరంజీలు, ఊరు పేరుతో ఇంటిపేరుతో సహా, తెలుగులో ఒకసారి, బర్మా భాషలో ఒకసారి. జాబితా అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. వ్యాను కదిలేదాకా ఇదే.

మూడో పేరు దగ్గర ఫ్రిజ్ అడుగున టప్ మంది.

దండాసి వంగి చూశాడు. గాజు కన్నంలో మంట లేదు. టిక్, టిక్, టిక్ మని స్పార్క్ కొట్టుకుంటోంది గాని అందులో పస లేదు. ఆగింది. మళ్ళీ టిక్ టిక్. మూడోసారి కూడా అయ్యాక ఏదో నిట్టూర్చినట్టు గ్యాసు వాల్వు మూసుకుంది. ఎర్ర దీపం వెలిగింది.

అతను ముందు చేసిన పని, కిటికీలోంచి మల్లిక ఎక్కడుందో చూడటం. ఇరవై అడుగుల దూరంలో ఒక ముసలమ్మ పిక్క మీద కట్టు విప్పుతోంది. రెండు చేతులూ కనబడుతున్నాయి. చిట్టిబాబు మిల్లు గోడ నీడలో చుట్ట కాలుస్తున్నాడు. వ్యాన్‌లో ఫ్రిజ్ దగ్గర ఉన్నది తను ఒక్కడే.

గబగబా వెనక రేకు విప్పి బోర్డు మీద మీటరు ముళ్ళు పెట్టాడు. పన్నెండు ఉండాల్సిన చోట పది కూడా లేదు. చూస్తుండగానే ముల్లు ఊగింది. “తామ్వే వాస్తవ్యులు” అని బంగారురాజు గొంతెత్తగానే తొమ్మిదికి పడింది. ఊపిరి తీసుకోవడానికి ఆగితే పదకొండుకి లేచింది. “శ్రీమతి లక్ష్మీదుర్గ గారు” అనేసరికి మళ్ళీ తొమ్మిది. దాత ఎంత పెద్దవాడైతే అంత కిందికి పోతోంది ముల్లు. ఇంకోచోటైతే దండాసి నవ్వేవాడే.

టార్చి వేసి తీగలు తడిమాడు. బోర్డుకి కరెంటు తెచ్చేది ముందు బ్యాటరీ నుంచి వచ్చిన సన్నటి జత. బోర్డు తాగేది చెంచాడు, దానికది చాలు. ఆ సన్నతీగ కొసనే ఇంకో ఎర్రతీగ, నల్లతీగ కలిపి ఉన్నాయి. వాటిని వేళ్ళతో పట్టుకుని పోతే సీటు కింద ఉన్న మైకు యాంప్లిఫయరు దగ్గర తేలాయి. హారన్లు అరిచినప్పుడల్లా ఆ సన్నతీగలో వచ్చేదంతా అదే తాగేస్తోంది. కలిపిన చోట టేపు కింది నుంచి పైకి చుట్టి, కొస లోపలికి మడిచి ఉంది. కొస బయటికి వదిలితే ఎండకి ఊడొస్తుందని అలా మడిచే మనిషి మింగళ తౌంగ్‌న్యున్‌లో ఒక్కడే.

నెలకిందట బంగారురాజు హారన్లు కొనుక్కొచ్చి, ఆదివారానికల్లా మోగాలన్నాడు. ముందు బ్యాటరీ దాకా లావుతీగ లాగాలంటే నేలరేకులన్నీ విప్పాలి, పూట పని. దండాసి దగ్గర్లో దొరికిన పన్నెండు వోల్టులకి తగిలించి ఇరవై నిమిషాల్లో లేచి వెళ్ళిపోయాడు. కొట్లో ఫ్రిజ్ ఉందిగాని యాంప్లిఫయరు లేదు. ఇంకో మూడు నెలలు కొట్లో పెట్టుకుని ఉన్నా అది తప్పు చేసేది కాదు.

దండాసి ప్లయరు చేతిలోకి తీసుకుని అలాగే కూర్చున్నాడు. ఈ తీగ ఇప్పుడు విప్పేసి, సాయంత్రం తీరిగ్గా లావుతీగ లాగేస్తే సరిపోతుంది. ఫ్రిజ్ మళ్ళీ ఆగదు. ఎవరికీ ఏమీ తెలియదు. కాగితం కాగితంలా ఉంటుంది. అంత సుఖమైన ఆలోచన తనకి రావడం చూసి దండాసి నిజంగా భయపడ్డాడు. ఇన్నాళ్ళూ అందరినీ అనుమానించాడు గాని, తనలోని ఈ మనిషిని ఒక్కసారైనా అనుమానించలేదు.

ఎంతసేపు అలా కూర్చున్నాడో, మల్లిక మెట్టెక్కి లోపలికి వచ్చింది. “అప్పలమ్మ గారికి మందు కావాలి బాబాయ్.”

అతను తాళం తీశాడు. థర్మామీటరు పదకొండు. ఆమె అది చూసింది, ఎర్ర దీపం చూసింది, తలుపు నెమ్మదిగా మూసింది.

“నా తప్పే మల్లికా,” అన్నాడు దండాసి. “మైకు తీగ దీనికి తగిలించినాను. నేనే.”

అని ప్లయరుతో తీగ కోసేశాడు. దాత పేరు సగంలో తెగిపోయింది. ఎవరో అలవాటు మీద ‘తాదు’ అన్నారు కూడా.

బంగారురాజు మైకు పట్టుకునే వెనక్కి వచ్చాడు. దండాసి మీటరు చూపించి, తీగ చూపించి, చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. బంగారురాజు టార్పాలిన్ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“సరే, తీగ మార్చెయ్యి. కమిటీలో నేను నెమ్మదిగా సర్దుతాను. ఆ గుంట మీద మాట ఎత్తం. ఇంకేటి?”

“ఎత్తాలి. నేను తప్పు కాగితం రాసినానని నేనే సెప్తాను.”

“నా మాట తరవాత సూసుకోండి మీరిద్దరూ,” అంది మల్లిక. మొదటిసారి ఆమె గొంతులో కోపం వినబడింది. అట్టమీది జాబితా తిప్పి వేలు పెట్టింది. “బుధవారం ఆరుగురు. ఆలకి పడింది పదిహేడు డిగ్రీల మందు. అది సూది కింద లెక్క కాదు. ఈరోజే టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళి మళ్ళీ ఏయించాలి. ఒక్కరు అప్పలమ్మ గారు, ఇక్కడే ఉన్నారు. మిగతా అయిదుగురూ ఇళ్ళల్లో ఉన్నారు.”

బంగారురాజు చేతిలో మైకు వైపు చూసుకున్నాడు. “తీగ మళ్ళీ కలిపితే మైకులో పిలుద్దుం.”

“మైకులో పేరు పిలిస్తే చందా అడుగుతారని ఎవులూ రారు, ఊ రాజు,” అన్నాడు చిట్టిబాబు చుట్ట ఆర్పుతూ.

నడిచే వెళ్ళారు. దండాసి ముందు, మల్లిక వెనక. ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం. కాలవ గట్టు మీద మట్టి పెళుసుగా ఎండిపోయింది. ప్రతి గుమ్మం ముందూ దండాసే చెప్పాడు. మిషను పాడైంది, తప్పు నాది, బుధవారం సూది పనిచెయ్యదు, ఇప్పుడే వ్యానెక్కండి. ఒక ఇంట్లో తల్లి ఏడ్చింది. ఒక ఇంట్లో అన్నం తింటున్న మనిషి చెయ్యి కడుక్కుని లేచాడు. ఒకామె తిట్టింది, దండాసి తలవంచుకుని విన్నాడు. నాలుగు ఇళ్ళు అయ్యాయి.

అయిదోది నరసింహం ఇల్లు. ఏభై దాటిన మనిషి, గుమ్మంలో కూర్చుని చేపల వల అతుకుతున్నాడు. ముంజేతికి కట్టు. దండాసి చెప్పింది అంతా విన్నాడు గాని వల వదల్లేదు.

“నువ్వేనా దండాసివి?” అన్నాడు. “బుధవారం ఊ రాజు మైకులో నీ కాగితం సదివినాడు. మిషను బాగున్నాది, ఏ లోపం లేదు, దండాసి సంతకం అని. ఇయాల బాగోలేదంటన్నావు. ఆసుపత్రిలో ఇంకేటి ఏయిస్తావో ఎవుడికి తెలుసు? నీ మాట నేనెందుకు నమ్మాలి?”

ఈ ప్రశ్న దండాసి రోజుకి పదిమందిని అడుగుతాడు. తనని అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. సంచిలో మీటరు ఉంది. అది ఇక్కడ దేనికీ పనికిరాదు. మల్లిక వైపు తిరిగి చూడటానికి అతనికి ముఖం చెల్లలేదు.

ఆమె తనే ముందుకు వచ్చింది.

“ఈయన సెప్పింది నిజమే మావయ్యా. నేను సూసినాను. నమ్మండి.”

నరసింహం వల పక్కన పెట్టాడు. దండాసి వైపు కాదు, ఆ పిల్ల వైపే చూశాడు.

“పోయిన ఆదివారం నా కళ్ళముందే మందు ఒలకబోసి, ఉత్త సీసా ఆసుపత్రి సెత్తలో పడెయ్యాలని సంచిలో ఏసుకున్నావు,” అన్నాడు. “ఇది సచ్చిపోయిన మందు, నీకు ఎయ్యను, టౌనుకెళ్ళి ఏయించుకోమన్నావు. పదిమందిమి ఉన్నాం అప్పుడు. అంత దూరం నడిపించినాదని నిన్ను తిట్టుకుంటూనే ఎల్లినాను.”

చూసినోడు ఒక్కడు లేడని బంగారురాజు అన్న మాట దండాసి చెవుల్లో ఇంకా ఉంది. పదిమంది చూశారు. నెల్లాళ్ళుగా సీసాల లెక్క తీసినవాళ్ళు ఎవరూ ఈ గట్టు మీదికి వచ్చి ఒక్కరిని అడగలేదు. తనూ అడగలేదు.

“నువ్వు రమ్మంటే వస్తాను తల్లీ,” అని నరసింహం దండెం మీది చొక్కా అందుకుని, దెబ్బ చేతిని జాగ్రత్తగా దూర్చుకున్నాడు. మల్లిక గుండీలు పెట్టింది. ఇద్దరూ గట్టు దిగి వ్యాను వైపు నడిచారు. దండాసి వాళ్ళకి దారి వదిలి, వాళ్ళు కొంచెం ముందుకు వెళ్ళేదాకా ఆగి, వెనకాల నడిచాడు.